హీటరు ఊదే చల్లగాలి: జనగామ, మానుకోట, భూపాలపల్లి దారుల్లో ఇంజను నీటి చరిత్ర

కారులో హీటరు పేరుతో వేరే పొయ్యి ఏదీ ఉండదు. ఇంజను ఎలాగూ బయటికి వదిలేయవలసిన వేడిలో కొంత పాలును లోపల కూర్చున్నవారి వైపు మళ్లించే ఏర్పాటునే హీటరు అంటారు. పెట్రోలు గానీ డీజిలు గానీ మండినప్పుడు పుట్టే శక్తిలో సుమారు మూడో వంతు మాత్రమే చక్రాలను తిప్పే పనికి అందుతుందనీ, మరో మూడో వంతు పొగగొట్టం గుండా పోతుందనీ, మిగిలినదాన్ని ఎక్కువగా ఇంజను చుట్టూ తిరిగే నీరే మోసుకుపోతుందనీ ఇంజనీరింగు పాఠాలు స్థూలంగా లెక్క కడతాయి. ఆ నీరు బండి ముందువైపున ఉండే రేడియేటరులోకి వెళ్లి, సన్నని గొట్టాలలో పారుతూ, ఫ్యాను గాలికి చల్లబడి మళ్లీ ఇంజనులోకి వస్తుంది. హీటరు ఉన్న బండిలో అదే నీటి నుంచి ఒక చిన్న పాయ డాష్‌బోర్డు వెనక దాగి ఉన్న బుల్లి రేడియేటరులోకి, అంటే హీటరు కోరులోకి పారుతుంది. బ్లోయరు దాని మీదుగా గాలిని ఊదుతుంది. నీరే వేడెక్కకపోయినా, వేడెక్కిన నీరు ఆ కోరు దాకా చేరకపోయినా, చేరిన తర్వాత గాలి దాని మీదుగా పోకపోయినా, మీటను ఎర్రరంగు వైపు ఎంత తిప్పినా వచ్చేది చల్లగాలే.

2016 అక్టోబరు 11న ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి విడివడి కొత్త జిల్లాలైన జనగామ, మహబూబాబాద్ (మానుకోట), జయశంకర్ భూపాలపల్లి ప్రాంతాల్లో, పైన చెప్పిన మూడు కారణాలలో చివరి రెండూ చాలావరకు మామూలు యంత్ర లోపాలే గానీ, మొదటిదాని వెనక మాత్రం ఒక శతాబ్దం లోతున్న అలవాటు ఉంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకునే నేల మీద, మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే బొగ్గు గనుల ప్రాంతంలో, ఇంజను వేడి అంటే వదిలించుకోవలసిన పీడ తప్ప దాచుకోవలసిన సొత్తు కాదు. డ్రైవర్లూ మెకానిక్కులూ తరతరాలుగా నీటిని చల్లబరిచే ఉపాయాలే నేర్చారు. ఆ ఉపాయాలు బాగా పనిచేయడం వల్లనే తర్వాతి కాలంలో హీటరు పనిచేయకుండా పోయింది.

వేడిమీ నీరూ కలిసి బండిని లాగుతాయన్న సంగతి ఈ ప్రాంతానికి మొదట రైలు ద్వారా తెలిసింది. భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును కనుగొన్న తర్వాత, సికింద్రాబాదు నుంచి జనగామ మీదుగా వరంగల్ వైపు 1886లో వచ్చిన రైలుమార్గం, నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ మీదుగా 1888లో ఇల్లెందు గనులకు, 1889లో బెజవాడకు చేరింది. ఆవిరి ఇంజనుకు బొగ్గు ఎంత ముఖ్యమో నీరూ అంతే ముఖ్యం. ఆ నీటిలో కరిగి ఉన్న సున్నపు లవణాలు బాయిలరు గోడలకు పొరలుగా పేరుకుంటాయి గనుక, కాజీపేట వంటి లోకో షెడ్లలో బాయిలర్లను నియమం తప్పకుండా కడిగి ఆ పొరను వదిలించవలసి వచ్చేది. ఉప్పునీళ్లు యంత్రాన్ని లోపలినుంచే తినేస్తాయన్న ఈ ఎరుక రైల్వే షెడ్లలో అక్షరాలా నియమావళిగా ఉండేది. రోడ్డు మీద నడిచే బండ్ల విషయంలో మాత్రం, తర్వాత జరిగినదాన్ని బట్టి చూస్తే, ఆ జాగ్రత్త షెడ్డు గోడ దాటి బయటికి రాలేదనే అనుకోవాలి.

1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను అప్పటిదాకా నడిపిన కంపెనీ చేతుల్లోంచి తన అధీనంలోకి తీసుకుంది. ఆ రైల్వేలోనే ఒక శాఖగా 1932 జూన్‌లో రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. స్కాట్లండ్‌లో తయారైన ఆల్బియన్ బస్సులు అప్పుడు హైదరాబాదు సంస్థానానికి దిగుమతి అయ్యాయి. వాటిలో 1932 నాటిది ఒకటి హైదరాబాదులో నేటికీ భద్రంగా ఉంది. బండి పుట్టిన దేశంలో ఇంజనీరు బెంగ చలికాలపు పొద్దున ఇంజను త్వరగా వేడెక్కదేమోనని. బండి నడిచిన దేశంలో డ్రైవరు బెంగ మధ్యాహ్నానికి నీళ్లు మరిగిపోతాయేమోనని. బండిలో ఏ భాగం అవసరం, ఏ భాగం దండగ అన్న తీర్పు ఈ రెండు బెంగల మధ్య ఉన్న దూరం మీదనే ఆధారపడింది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు రేషను వచ్చినప్పుడు తెలుగు నేల మీద బొగ్గు బస్సులు నడిచాయి. బస్సు వెనక నిలువుగా అమర్చిన ఇనుప పీపాలో కట్టెబొగ్గును తగినంత గాలి అందకుండా మండించి, అందులోంచి వచ్చే ప్రొడ్యూసరు గ్యాసును, అంటే కార్బన్ మోనాక్సైడు, కొద్దిపాటి హైడ్రోజను, ఎక్కువ పాలు నత్రజని కలిసిన వాయువును, వడగట్టి ఇంజనుకు అందించేవారు. బయలుదేరే ముందు క్లీనరు చేతితో బ్లోయరు తిప్పుతూ నిప్పు రాజేయవలసి ఉండేది. పెట్రోలుతో పోలిస్తే ఇంజను బలం బాగా తగ్గేది గనుక ఎత్తు ఎక్కేటప్పుడు బండి చాలాసేపు తక్కువ గేరులో మూలిగేది, రేడియేటరులో నీళ్లు తొందరగా మరిగేవి. దారి పక్క బావి, చెరువుకట్ట, చేతిలో నీళ్ల డబ్బా అనేవి డ్రైవరు సామగ్రిలో భాగం కావడం ఆనాటి నుంచి స్థిరపడింది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగిన తర్వాత రైతాంగ సాయుధ పోరాటాన్ని అణచడానికి సైన్యం అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకాలోనూ, మానుకోట ప్రాంతంలోనూ తిష్ఠ వేసింది. జీపు అన్న మాట చాలా పల్లెలకు ఆ భయంతోపాటే పరిచయమైంది. 1951 నవంబరు 1న రైల్వే నుంచి రోడ్డు రవాణా విడిపోయి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. ప్రభుత్వ కార్యాలయాలలో అంబాసిడర్ కారు కుదురుకున్నదీ ఈ కాలంలోనే. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి నమూనా ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ వారు ఉత్తరపారాలో 1950ల చివరి నుంచి దాన్ని తయారుచేశారు.

ఇక్కడ థర్మోస్టాట్ గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. ఇంజనుకు చలి కూడా శత్రువే; నీరు సుమారు 80 డిగ్రీలకు పైబడి స్థిరంగా ఉంటేనే ఇంధనం సరిగా ఆవిరై మండుతుంది, నూనె తగినంత పలచబడుతుంది. అందుకని ఇంజను నుంచి రేడియేటరుకు నీరు పోయే దారిలో ఒక తలుపు పెట్టారు, అదే థర్మోస్టాట్. తొలిరోజుల్లో ఈ తలుపును త్వరగా ఆవిరయ్యే ద్రవం నింపిన ముడతల తిత్తి కదిలించేది; 1930లలో అమెరికాలో సెర్గియస్ వెర్నే మైనంతో పనిచేసే థర్మోస్టాట్‌ను రూపొందించాడు. చేతిలో పట్టుకుంటే అది రెండు మూడు వేళ్ల వెడల్పున్న ఇత్తడి బిళ్ల, కింద ఒక స్ప్రింగు, నడుమ మైనం నింపిన చిన్న గుండు. అంచు మీద 82 అనో 88 అనో అంకె చెక్కి ఉంటుంది. ఆ అంకె చెప్పే వేడికి మైనం కరిగి ఉబ్బి తలుపును నెడుతుంది, చల్లబడితే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. బిళ్లకు ఒక మూల చీమ దూరేంత రంధ్రం, అందులో వదులుగా ఆడే చిన్న పిన్ను ఉంటాయి. నీళ్లు పోసేటప్పుడు లోపల చిక్కిన గాలి బయటపడడానికే ఆ ఏర్పాటు.

ఈ తలుపు పాడయ్యే తీరు రెండు రకాలు. తెరుచుకుని ఉండిపోతే ఇంజను సరిగా వేడెక్కదు, ఇంధనం ఎక్కువ తాగుతుంది, అంతకుమించి అప్పటికప్పుడు ప్రమాదం లేదు. మూసుకుని ఉండిపోతే మాత్రం కొద్ది నిమిషాల్లోనే నీళ్లు మరిగి, హెడ్ గ్యాస్కెట్ కాలిపోయి, ఒక్కోసారి సిలిండరు హెడ్డే వంగిపోతుంది. పరకాల దాటాక అడవిదారిలోనో, జనగామకూ ఆలేరుకూ నడుమ మిట్టమధ్యాహ్నమో ఈ రెండో రకం రోగం వస్తే బండిని లాగించుకుపోవడం తప్ప దారి లేదు. లైసెన్సు రాజ్యపు రోజుల్లో అసలు సామాను దొరకడమే గగనం, దొరికినా అది అసలుదో నకిలీదో చెప్పలేని పరిస్థితి. మార్చడం కంటే తీసి పారేయడమే సుళువు. ఈ విధంగా థర్మోస్టాట్‌ను పీకేసి, ఖాళీ గూటికి మూత బిగించడం దేశమంతటా మెకానిక్ షెడ్లలో ఆనవాయితీ అయింది, ఓరుగల్లు చుట్టుపక్కల దారులూ అందుకు మినహాయింపు కాదు. కొత్త బండి కొన్నవెంటనే ముందుజాగ్రత్తగా దాన్ని తీయించినవారూ ఉన్నారు.

ఈ ఆనవాయితీని అజ్ఞానమని కొట్టిపారేయడం తగదు. వాన చినుకు కోసం ఎదురుచూసే ప్రాంతంలో, నూటికి తొంభై రోజులు ఎండే ఎదుర్కోవలసిన బండికి, రెండు రకాల నష్టాలలో చిన్నదాన్ని ఎంచుకోవడం లెక్క తెలిసిన పనే. అయితే ఆ లెక్కలోకి రాని ఖర్చు ఇంకొకటి ఉంది. చల్లని ఇంజనులో పూర్తిగా ఆవిరి కాని పెట్రోలు సిలిండరు గోడల మీది నూనెపొరను కడిగేస్తుంది, ఆ కారణంగా సిలిండరు లోపలి గోడ (బోరు) త్వరగా అరుగుతుంది, నూనెలో తేమ చేరి అడుగున మడ్డి పేరుకుంటుంది. రీబోరింగుకు వచ్చిన బండి యజమాని తన మైలేజీ ఎందుకు పడిపోయిందో ఏళ్ల తరబడి ఊహించలేకపోవచ్చు. పైగా తీసేస్తే ఇంజను చల్లబడుతుందన్న నమ్మకం అన్ని ఇంజన్లకూ చెల్లదు. కొన్నింటిలో ఆ బిళ్ల తెరుచుకున్నప్పుడే పక్కదారి మూసుకునేలా అమరిక ఉంటుంది. అటువంటి ఇంజను నుంచి దాన్ని తీసేస్తే నీటిలో కొంత రేడియేటరు వైపు పోకుండానే గుండ్రంగా తిరుగుతూ, ఎండలో బండి మునుపటికంటే ఎక్కువ వేడెక్కుతుంది.

నష్టం ఇంత ఉన్నా ఎవరూ పట్టించుకోకపోవడానికి కారణం, వెచ్చదనం కోసం బండిలో ప్రత్యేకమైన ఏర్పాటు అక్కర్లేకపోవడమే. లారీ క్యాబినులోనూ ఆర్టీసీ బస్సులోనూ ఇంజను డ్రైవరు పక్కనే ఉండేది. దాని మీది మూతను ప్రయాణికులు బానెట్ అనే పిలిచారు, సీట్లు నిండిన తర్వాత ఎక్కినవారు దాని మీద పరిచిన దళసరి పట్టా మీదే కూర్చునేవారు. వేసవిలో అది శిక్షే, పుష్య మాసపు తెల్లవారుజామున మాత్రం అన్నిటికంటే ముందు నిండేది ఆ చోటే. బొగ్గు లారీ డ్రైవరుకు కుడి కాలు కంటే ఎడమ పిక్క ఎక్కువగా ఉడికేది. అటువంటి బండిలో హీటరు ఊసు ఎత్తితే నవ్వులాటే. అంబాసిడర్లలోనూ, ఫియట్లలోనూ దక్షిణాదిన తిరిగినవాటిలో చాలావాటికి హీటరు ఉండేదే కాదు; చలి వేస్తే అద్దం ఎత్తుకోవడమే పరిష్కారం.

చలిదేశాలలో కథ పూర్తిగా వేరుగా నడిచింది. అమెరికాలో 1920ల చివరిదాకా పొగగొట్టం వేడినే నేరుగా కారులోకి మళ్లించే హీటర్లు ఉండేవి, వాటిలో చిన్న పగులు పడినా విషవాయువు లోపలికి వచ్చే ముప్పు ఉండేది. 1930 ప్రాంతంలో ఇంజను నీటితో పనిచేసే హీటర్లు వచ్చాయి, 1938లో నాష్ కంపెనీ బయటి తాజాగాలిని వడగట్టి వేడిచేసి లోపలికి పంపే పద్ధతిని తెచ్చింది. భారతదేశంలో 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కిన తర్వాతి రెండు దశాబ్దాల్లో, ఏసీ మధ్యతరగతి కార్లలోకి దిగుతూ వచ్చింది. దానితోపాటే, అడగకుండానే, హీటరు కూడా వచ్చింది, ఎందుకంటే రెండూ డాష్‌బోర్డు వెనక ఒకే పెట్టెలో ఇముడుతాయి. ఏసీని కోరుకున్న జనగామ కొనుగోలుదారు హీటరును ఉచితంగా పొందాడు గానీ, ఏడాదిలో పది నెలలు ఆ మీట నీలిరంగు వైపే నిలిచిపోయింది.

వాడకుండా పడి ఉన్న భాగానికే మొదట రోగం. జనగామ ప్రాంతం నల్లరాతి నేల, బోరునీళ్లలో ఉప్పు ఎక్కువ. నీళ్లు కాచుకునే ఎలక్ట్రిక్ కాయిలుకు తెల్లని గార పట్టడం ఇంటింటా కనిపించేదే, సరిగ్గా ఆ గారే ఇంజను దారులలోనూ పడుతుంది. రేడియేటరులో పోయవలసింది గ్లైకాలు కలిపిన కూలెంటు. అది నీటి మరుగు స్థానాన్ని పెంచడంతోపాటు తుప్పునూ అడ్డుకుంటుంది. అది ఖర్చని తలచి బోరునీళ్లతో నింపిన బండిలో తుప్పూ సున్నమూ కలిసి ఎర్రని బురదై, అన్నింటికంటే సన్నని గొట్టాలున్న చోట, అంటే హీటరు కోరులో, స్థిరపడతాయి. పాత రేడియేటర్లు రాగి, ఇత్తడి రేకులతో చేసి టంకం పెట్టినవి. ఇప్పటి అల్యూమినియం కోర్లను టంకంతో బాగుచేయడం కుదరదు. అందువల్ల కోరు కారడం మొదలైనప్పుడు, డాష్‌బోర్డు మొత్తం విప్పే పనికి భయపడి, ఇంజను నుంచి కోరుకు పోయే గొట్టాన్నీ తిరిగి వచ్చే గొట్టాన్నీ ఒక చిన్న పైపు ముక్కతో బయటే కలిపేసి కోరును శాశ్వతంగా తప్పించేయడం రెండో ఆనవాయితీ అయింది. బండి చేతులు మారినప్పుడు ఈ సంగతి కొత్త యజమానికి ఎవరూ చెప్పరు.

ఈ చరిత్ర తెలిసిన మెకానిక్కు చల్లగాలి రోగాన్ని పట్టుకునే క్రమం దాదాపు ఆ చరిత్ర క్రమంలోనే సాగుతుంది. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే మూత తీసి నీటిమట్టం చూడడం మొదటి పని; వేడి ఇంజను మూత తీయరాదు, ఒత్తిడిలో ఉన్న నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉండి, మూత తీసిన క్షణంలో ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. మట్టం తక్కువగా ఉంటే ఎత్తులో ఉండే హీటరు కోరులో నీటికి బదులు గాలి చిక్కుకుంటుంది. రేడియేటరు మూత ఉన్న ముందుభాగం ఎత్తుగా ఉండేలా బండిని నిలిపి, హీటరు మీటను పూర్తిగా తెరిచి, మట్టం చూసుకుంటూ నింపితే ఆ గాలి బుడగలుగా బయటపడుతుంది. ఆ తర్వాత బండిని పది పదిహేను కిలోమీటర్లు నడిపి, వేడి ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూడాలి. నడుస్తున్నంతసేపూ ముల్లు అడుగునే ఉండి, బండిని నిలిపి ఇంజను ఆడించినప్పుడు మాత్రం పైకి లేస్తే, థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందనో, అసలు లేనే లేదనో అర్థం. పాత బండిలో రెండోదాన్నే ముందు అనుమానించడం మేలు. ముల్లు సరైన చోటే నిలిచినా గాలి చల్లగా ఉంటే, ఇంజను గది గోడ గుండా హీటరు కోరుకు పోయే రెండు రబ్బరు గొట్టాలను జాగ్రత్తగా తాకి చూడాలి: ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే కోరు పూడుకుపోయింది, లేదా నీటిని ఆపే వాల్వు మూసుకుంది, రెండూ కాలుతుంటే నీటి వైపు తప్పు లేదు, పెట్టెలో గాలిని మళ్లించే రెక్క గానీ దాన్ని లాగే తీగ గానీ విరిగి ఉంటుంది. తీసిన థర్మోస్టాట్ మంచిదో కాదో తెలుసుకోవడానికి, దాన్ని దారంతో కట్టి నీళ్లున్న గిన్నెలో అడుగుకు తగలకుండా వేలాడదీసి, పొయ్యి మీద కాస్తూ, అంచు మీది అంకె దగ్గర తెరుచుకుంటుందో లేదో థర్మామీటరుతో చూడడం కంటే నమ్మకమైన పరీక్ష మరొకటి లేదు. లోపల తియ్యని వాసన, కాళ్ల కింద పట్టా తడి, అద్దం మీద జిడ్డు పొగ కలిసి కనిపిస్తే ఇవేమీ అక్కర్లేదు, కోరు కారుతోందని అవే చెబుతాయి.

హీటరుకు ఈ ప్రాంతంలో నిజంగా పని ఉన్నది వెచ్చదనానికి కాదు, అద్దానికి. రెండేళ్లకోసారి మాఘ శుద్ధ పౌర్ణమి సమయంలో జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు లక్షలాది జనం బండ్లలో పోయేది ఎక్కువగా రాత్రిపూటే. మేడారం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్నా, 2018 జనవరి 31 నుంచి ఫిబ్రవరి 3 వరకు జరిగిన జాతర నాటికి అది భూపాలపల్లి జిల్లాలోనే ఉంది. చలి శివరాత్రికి శివ శివా అంటూ పోతుందంటారు, జాతర అంతకు ముందే వస్తుంది. అడవిదారిలో మంచు, బండి నిండా మనుషుల ఊపిరి, రెండూ కలిసి ముందు అద్దాన్ని లోపలినుంచి తెల్లబరుస్తాయి. లారీ డ్రైవర్లు పొగాకు గానీ ఆలుగడ్డ ముక్క గానీ అద్దానికి రుద్దేది ఇందుకే. ఏసీ గాలిలోని తేమను పిండేస్తుంది, హీటరు ఆ పొడిగాలిని వేడిచేసి అద్దం మీదికి పంపుతుంది. రెండూ కలిస్తే నిమిషంలో దారి కనిపిస్తుంది. థర్మోస్టాట్ లేని బండిలో ఆ రెండో సగం జరగదు గనుక, డ్రైవరు గుడ్డతో తుడుచుకుంటూ, అద్దం దించుకుని వణుకుతూ పోవలసి వస్తుంది. ఎండ కోసం చేసిన మార్పు బిల్లు ఆ రాత్రి చేతికొస్తుంది.

2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలైన బీఎస్ నాలుగు, 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్ ఆరు పొగ నిబంధనలతో ఈ అలవాటు కింది నేల కదిలింది. ఇంధనాన్ని కొలిచి పంపే కంప్యూటరు ఇంజను వేడిని క్షణక్షణం గమనిస్తుంది. నీరు అనుకున్న వేళకు వేడెక్కకపోతే ఇంజను ఇంకా చలిలోనే ఉందని తలచి ఇంధనం ఎక్కువ పంపుతుంది, చాలా బండ్లలో పీ 0128 అనే సంకేతాన్ని నమోదు చేసి డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగిస్తుంది. స్కానరు కొనుక్కున్న షెడ్డులో ఆ సంకేతం చూడగానే మెకానిక్కు మొదట అడిగే ప్రశ్న, ఇదివరకు ఎవరైనా థర్మోస్టాట్ తీశారా అన్నదే. పైగా కొత్త ఇంజన్లు కొన్నింటిలో థర్మోస్టాట్ దాని ప్లాస్టిక్ గూడుతో కలిసి ఒకే ముక్కగా వస్తుంది. బిళ్ల ఒక్కదాన్ని పీకేయడానికి అందులో వీలే ఉండదు. నచ్చజెప్పడం వల్ల మారని ఆనవాయితీ ఆ విధంగా సామాను ఆకారం మారడంతో కార్లలో తగ్గుముఖం పట్టింది. పాత జీపులూ పాత ట్రాక్టర్లూ ఇంకా తిరిగే చోట అది మిగిలే ఉంది. వాటిలో హీటరు లేదు కాబట్టి, నీరు చల్లగా తిరుగుతోందన్న సంగతి డీజిలు ఖర్చులో తప్ప మరెక్కడా బయటపడదు.